గీతయు నస్త్రమును

నాగర్‌కర్నూలు జిల్లాలో, బిజినపల్లి మండలమున, నంది వడ్డెమాను అను గ్రామము కలదు. కాకతీయ సామంతులైన గోన వంశీయుల వర్ధమానపుర మిదియే. 13వ శతాబ్దిలో ద్విపదమున వెలసిన రంగనాథ రామాయణము ఆ వంశజుడైన గోన బుద్ధారెడ్డి పేరనే ప్రసిద్ధము. వాల్మీకమున కానరాని లక్ష్మణరేఖ యిందు కలదు. పర్ణశాల ముంగిట గీచిన ఆ గీతలు దాటబోయిన రావణునకు మంట లెదురయ్యెను గాని, భిక్ష నిడుటకై లోపలినుండి వెడలిన సీతను అవి యాపలేదు: వెలుపలివాని నడ్డుటయే ఆ గీతల ధర్మము, లోనివారిని నిర్బంధించుట కాదు.

అస్త్రములకును ఇట్టి నియమములే. ఆగ్నేయమును వారుణ మార్పును. నాగపాశము గరుడుని రాకతో వీడును. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రముచే హనుమంతుని బంధింపగా, తెలివిమాలిన రాక్షసులు పైన నారత్రాళ్లు బిగించిరి. ఇతర బంధమును సహింపని యస్త్రము తక్షణమే సడలినది. నారాయణాస్త్రమునకైతే ఆయుధము విడిచి నిలుచుటకంటె వేరు కవచము లేదు.

ఇట్టి నియమము నేటి ఆటలలోను కలదు: 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అను బల్లమీది యాట, కాలక్రమమున, గురి తప్పని ‘మేజిక్ మిస్సైల్’ను ‘షీల్డ్’ మంత్రము పూర్తిగా నడ్డునని విధించినది. విధి చక్కనిదే; కాని ఎదిరింపకుండుటయే రక్షణయగు నారాయణాస్త్రపు సూక్ష్మత అందు లేదనియే నా తీర్పు.