వేరుశనగ గింజలో విషం: ఒక జన్యుసముదాయం కథ

యాన్బులో ఎర్రసముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. ఆ మధ్య, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఒక యువకుడు ఇంటినుంచి తెచ్చుకున్న వేరుశనగ గింజలకు పట్టిన పచ్చటి బూజును చూపి, "తుడిచి వేయిస్తే పోదా సార్?" అని అడిగాడు. పోదని ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఆ బూజు విషాన్ని ఎలా తయారుచేస్తుందో తెలుసుకోవడానికి, దాన్ని గింజలోనే అడ్డుకునే ప్రయత్నం మొదలుకావడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. ఆ చరిత్రలో హైదరాబాదు రెండుసార్లు కనిపిస్తుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయాయి. కారణం అంతుపట్టక ఆ వ్యాధిని 'టర్కీ ఎక్స్' అన్నారు. చివరికి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగపిండి మీదికి అనుమానం మళ్లింది. అందులో పెరిగిన శిలీంధ్రం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. దాని పేరులోని అక్షరాలతోనే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరుపెట్టారు. ఈ శిలీంధ్రం నేలలో నివసిస్తుంది. వేరుశనగ మొలకకు, మొక్కజొన్న కంకికి తెగులు తెస్తుంది. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే చేలోనే గింజలోకి చొరబడుతుంది. కోత తరువాత పంట తడిస్తే గరిసెలో విజృంభిస్తుంది. వంటింటి వేడికి బూజు చస్తుంది గాని, విషం పూర్తిగా నశించదు.

మనుషుల విషయంలో ఇది ఎంత ఘోరమో 1974లో తెలిసింది. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో కామెర్లు, జలోదరం ఒక్కసారిగా ప్రబలాయి. అదే తిండి తిన్న పెంపుడు కుక్కలు కూడా చనిపోయాయి. సాధారణ వైరస్ కామెర్లలో ఇలా జరగదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ భట్, వారి సహచరులు అకాల వర్షానికి తడిసిన మొక్కజొన్నను పరీక్షించి, కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లటాక్సిన్ ఉందని తేల్చారు. అమెరికా అనుమతించే పరిమితి కిలోకు 0.02 మిల్లీగ్రాములు మాత్రమే. 1975లో 'లాన్సెట్' పత్రికలో వారు ప్రకటించిన లెక్క ప్రకారం 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. బాధితులు పేద గిరిజనులు. ఇంట్లో ఉన్న ధాన్యం అదే గనక అదే తిన్నారు.

విషం ఉత్పత్తి గుట్టు విప్పింది మరొక శిలీంధ్రం, ఆస్పర్‌జిల్లస్ పారసిటికస్. 1970ల ఆరంభంలో అమెరికాలో జోన్ బెనెట్ ప్రభృతులు దీనిలో అఫ్లటాక్సిన్‌కు బదులు నార్‌సొలొరినిక్ ఆమ్లమనే నారింజరంగు పదార్థం పేరుకుపోయే ఒక ఉత్పరివర్తనాన్ని పరిశీలించారు. వైద్యులకు ఈ తర్కం కొత్త కాదు. ఒక ఎంజైము లోపిస్తే దాని ముందరి పదార్థం పేరుకుపోతుందని ఆల్కాప్టోన్యూరియా రోగుల నల్లని మూత్రం మనకు ఏనాడో నేర్పింది. ఆ దారినే మెట్టు తరువాత మెట్టుగా జన్యువులు బయటపడ్డాయి. దాదాపు 70 వేల క్షారజతల పొడవున, పాతికకు పైగా జన్యువులు ఒకేచోట బారులు తీరి ఉన్నాయి. వాటిని నడిపించే మేస్త్రీ వంటిది ఎ.ఎఫ్.ఎల్.-ఆర్ జన్యువు, 1993లో దాన్ని వేరుచేశారు. అది పనిచేయకపోతే విషం తయారీ నిలిచిపోతుంది.

ఈ బారులో ఒక్క అక్షరం తప్పినా చాలు. అరిజోనా పత్తిచేలలో వాడే ఎ.ఎఫ్.-36 అనే సహజ రకంలో ఒకే ఒక్క క్షారం మారడంతో తొలి మెట్టు దగ్గరి ఎంజైము తయారుకాదు. విషం చేయలేని ఆ రకాన్ని పొలంలో చల్లితే, విషం చేసే రకాలకు చోటు తగ్గుతుంది. జపానువారు సోయా సాస్‌కు తరతరాలుగా వాడుతున్న ఆస్పర్‌జిల్లస్ ఒరైజే కూడా దగ్గరి బంధువే. దానిలో ఈ జన్యుసముదాయం ఉన్నా పనిచేయదు.

రెండోసారి హైదరాబాదు ప్రస్తావన వచ్చేది 2017లో. నగరం పక్కనే పటాన్‌చెరులో ఉన్న ఇక్రిసాట్ శాస్త్రవేత్తలు, అమెరికా సహచరులతో కలిసి, వేరుశనగ మొక్కచేతనే సూక్ష్మ ఆర్.ఎన్.ఎ. తునకలను తయారుచేయించారు. గింజలోకి వచ్చిన శిలీంధ్రపు ఎ.ఎఫ్.ఎల్.-ఎమ్, ఎ.ఎఫ్.ఎల్.-పి జన్యువుల నోరు అవి నొక్కేస్తాయి. విషం గణనీయంగా తగ్గింది. అయితే ఆ పంట ఇంకా రైతు చేతికి రాలేదు.

వైద్యుడిగా నాకు ఈ చరిత్ర ఒక హెచ్చరిక. కాలేయంలో అఫ్లటాక్సిన్ చురుకైన రూపానికి మారి మన డి.ఎన్.ఎ.కు అతుక్కుంటుంది, హెపటైటిస్ బి కూడా తోడైతే క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఆ వైరస్‌కు టీకా ఉంది. కాయల్లో తేమ 8 శాతానికి మించకుండా ఎండబెడితే నిలవలో బూజు పెరగదు. 1974లో కూడా విషం పేరు, లక్షణాలు శాస్త్రానికి తెలిసే ఉన్నాయి. ఆ పల్లెల్లో లేనివి పొడి ధాన్యం, దాన్ని దాచుకునే చోటు, తినడానికి మరొక గింజ. జన్యువుల అక్షరాలన్నీ చదివిన తరువాత కూడా ఆ కొరతలను తీర్చవలసింది మనుషులే.

ఆ యువకుడు మాత్రం గింజలను పారవేయడానికి వెనుకాడాడు. అవి వాళ్లమ్మ ఒలిచి పంపినవి. మళ్లీ పంపేటప్పుడు బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టమని చెప్పాను.