కుస్తీ, జూడో, జుజిత్సు: ఆత్మరక్షణకు ఏది ఎంతవరకు అక్కరకొస్తుంది?

చెయ్యి పట్టుకుని లాగితే ఏం చేయాలి? గోడకు నొక్కిపెడితే? కింద పడేసి మీద కూర్చుంటే? ఆత్మరక్షణ నేర్చుకోవాలనుకునేవాళ్ల ప్రశ్నలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, చాలావరకు ఇలాగే ఉంటాయి. గుద్దులు, తన్నులు ప్రధానంగా నేర్పే కరాటే, తైక్వాండోల్లో వీటికి సూటి జవాబు దొరకడం కష్టం. పట్టడం, పట్టు విడిపించుకోవడం, పడగొట్టడం, పడ్డాక పైకి లేవడం కుస్తీ కుటుంబానికి చెందిన విద్యల పని.

అయితే ఇవన్నీ ఇవాళ క్రీడలు. ఏ ఆటలో దేనికి పాయింటు ఇస్తారో, దేన్ని తప్పుగా లెక్కిస్తారో దాన్నిబట్టే ఆటగాడి శరీరానికి అలవాట్లు ఏర్పడతాయి. వీధిలో గొడవ వచ్చినప్పుడు బయటికొచ్చేవి ఆ అలవాట్లే, మంచివైనా చెడ్డవైనా.

మనకు బాగా తెలిసిన కుస్తీనే చూద్దాం. ప్రత్యర్థిని వెల్లకిలా పడేసి వీపు మట్టికి ఆనిస్తే గెలుపు. ఒంటి మీద లంగోటా తప్ప మరేమీ ఉండదు కాబట్టి పట్టుకోవడానికి బట్ట దొరకదు. మెడ, చేతులు, నడుము, కాళ్లే ఆధారం. అందుకే పహిల్వాన్ నేర్చిన పట్టు ఎదుటివాడు చొక్కా వేసుకున్నా, వేసుకోకపోయినా పనిచేస్తుంది. 1910లో లండన్ వెళ్లిన గామా పహిల్వాన్, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కె.డి.జాదవ్ అఖాడా మట్టిలో తయారైనవాళ్లే. హైదరాబాద్ పాతబస్తీ తాలీంలలో ఆ సాధన ఇంకా కనిపిస్తుంది. పడిపోకుండా నిలబడటంలో, పడితే పైచేయి సాధించడంలో కుస్తీని మించింది లేదనే చెప్పాలి. దాని లోపం కూడా నిబంధనల్లోనే ఉంది. వీపు ఆనితే ఓటమి కాబట్టి కుస్తీ పట్టేవాడు కింద పడగానే బోర్లా తిరుగుతాడు. మ్యాట్ మీద అది రక్షణ. రోడ్డు మీద మాత్రం వెనక ఉన్నవాడికి మెడను అప్పగించడమే. ఇక సంప్రదాయ అఖాడాల్లో ఆడపిల్లలకు చాలాకాలం చోటే లేదు. ఒలింపిక్స్‌లో మహిళల కుస్తీ మొదలైందే 2004లో. సాక్షి మలిక్ పతకం 2016లో వచ్చింది.

కబడ్డీ ఆడిన పల్లెటూరి పిల్లలకు చీలమండ పట్టు, నడుం పట్టు తెలియకుండానే వచ్చేస్తాయి. దాన్ని ఆత్మరక్షణ ఖాతాలో ఎవరూ రాయరు గానీ రాయొచ్చు.

జూడోను జిగోరో కానో 1882లో జపాన్‌లో మొదలుపెట్టారు. పాత జుజిత్సులోని ప్రమాదకరమైన పట్లను పక్కనపెట్టి, మిగతావాటిని పూర్తి బలంతో, ఎదురు తిరిగే మనిషి మీద సాధన చేయించడం ఆయన చేసిన పెద్ద మార్పు. జూడోలో మొదట నేర్పేది పడేయడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా ఎలా పడాలో వారాల తరబడి చేయిస్తారు. ఒక్క గుద్దుకే మనిషి చనిపోయిన ఘటనల్లో తరచూ ప్రాణం తీసేది గుద్దు కాదు, వెనక్కి పడ్డప్పుడు తలకు తగిలే దెబ్బ. కాబట్టి జీవితంలో ఎవరితోనూ గొడవపడని వాళ్లకూ ఈ ఒక్క విద్య పనికొస్తుంది. బైకు జారినప్పుడైనా సరే.

జూడో పట్లు చాలావరకు మందపాటి కోటు కాలరు, చేతుల మీద ఆధారపడతాయి. చలికాలం ఢిల్లీలో జాకెట్ వేసుకున్న మనిషి మీద అవి బాగా నడుస్తాయి. మే నెల విజయవాడలో పలచటి టీషర్టు పట్టి లాగితే చేతికి చిరిగిన గుడ్డ మిగలొచ్చు. కాళ్లు పట్టి పడేయడాన్ని అంతర్జాతీయ సమాఖ్య 2010లో కట్టడి చేసి, 2013 నుంచి పూర్తిగా నిషేధించింది. దాంతో పోటీల కోసమే తయారైన జూడో ఆటగాడికి కాళ్ల మీదికి దూకే మనిషిని అడ్డుకునే అలవాటు తగ్గింది.

కింద పడ్డాక

బ్రెజిలియన్ జుజిత్సు మూలం కూడా జూడోనే. కానో శిష్యపరంపరకు చెందిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరారు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్రేసీ కుటుంబం నేల మీది పోరును ప్రత్యేక విద్యగా పెంచింది. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను ఓడించాక ప్రపంచం దీన్ని పట్టించుకుంది. మీద బరువైన మనిషి కూర్చున్నప్పుడు కింద ఉన్నవాళ్లు ఏం చేయాలన్నది ఇంత వివరంగా ఆలోచించిన విద్య మరొకటి లేదు. లైంగిక దాడి దృష్ట్యా చూస్తే ఇది చిన్న విషయం కాదు.

కానీ క్రీడా జుజిత్సులో కావాలనే నేల మీదికి వెళ్లడం, అక్కడే నిమిషాల తరబడి ఉండటం మామూలు. ఎదుటివాడికి తోడు ఇంకొకడుంటే, జేబులో కత్తి ఉంటే, కింద కంకర ఉంటే ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. మన దేశంలో ఇది ఇంకా ప్రధానంగా నగరాల్లోని ప్రైవేటు జిమ్ముల విద్య కావడం మరో అడ్డంకి.

సోవియట్ యూనియన్ 1938లో అధికారిక క్రీడగా గుర్తించిన సాంబో జూడోనూ కుస్తీనీ కలుపుతుంది. నేర్పేవాళ్లు దొరికితే మంచిదే. ఐకిడో చూడటానికి అందంగా ఉంటుంది. కానీ చాలా శిక్షణశాలల్లో ఎదుటి మనిషి సహకరిస్తూనే పడతాడు. సహకరించని మనిషి మీద పరీక్షించుకోని పట్టును నమ్ముకోవడం కష్టం.

చట్టం, మెడ పట్టు

భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయకూడదన్నది 37వ సెక్షన్. ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో దాడిచేసినవాడి ప్రాణం పోయినా హక్కు పరిధిలోనే ఉంటుందని 38వ సెక్షన్ అంటుంది. పట్టు విద్యలకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. తాగి మీదికొచ్చిన బంధువును ముఖం పగలగొట్టకుండా అదిమిపట్టి ఆపొచ్చు. జూడోలో భుజం మీదుగా ఎత్తి సిమెంటు నేల మీద విసిరితే మాత్రం అది అదిమిపట్టడం కాదు, పుర్రె పగలగలదు.

మెడ పట్టు మరీ ప్రమాదం. మెడకు రెండువైపులా రక్తనాళాలను సరిగ్గా నొక్కితే దాదాపు 10 సెకన్లలో స్పృహ పోతుంది. వదలకపోతే మెదడు దెబ్బతింటుంది, ప్రాణమూ పోతుంది. 2014లో ఎరిక్ గార్నర్ మరణించే నాటికే న్యూయార్క్ పోలీసు నిబంధనల్లో ఇలాంటి పట్టు మీద నిషేధం ఉంది.

ఎంత నేర్పితే చాలు?

మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా చెబుతున్నాయి. చీకటి సందులో ముసుగు మనిషిని ఊహించుకుని ఇచ్చే శిక్షణ ఈ వాస్తవానికి దూరం. తెలిసినవాడిని కొట్టడానికి చెయ్యి రాదు. అరవడానికి గొంతు రాదు.

కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది విద్యార్థినులతో చేసిన అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 12 గంటల శిక్షణ పొందినవాళ్లలో ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం. కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్లలో అది 9.8 శాతం. ఆ 12 గంటల్లో శారీరక ఆత్మరక్షణ పాఠం రెండు గంటలే. మిగతా సమయం ప్రమాదాన్ని ముందే గుర్తించడానికి, తెలిసినవాడికి గట్టిగా వద్దని చెప్పడానికి, తమకు ఏం కావాలో తేల్చుకోవడానికి పోయింది.

మన ప్రభుత్వ పాఠశాలల్లో సమగ్ర శిక్ష కింద 6 నుంచి 12వ తరగతి బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. మూడు నెలల్లో ఎవరూ జూడో నేర్చుకోలేరు, జుజిత్సు అంతకన్నా కాదు. కానీ తల కాపాడుకుంటూ పడటం, మణికట్టు పట్టును అవతలివాడి బొటనవేలి వైపు తిప్పి విడిపించుకోవడం, మీద కూర్చున్నవాడిని నడుం ఎత్తి పక్కకు దొర్లించడం, ఒక చెయ్యి నేలకు ఆనించి రెండోది ముఖానికి అడ్డుపెట్టుకుంటూ లేవడం నేర్పొచ్చు. మొదటిది జూడో నుంచి, చివరి రెండూ జుజిత్సు నుంచి తీసుకోవచ్చు. గాల్లోకి గుద్దే వరస కొంత తగ్గించి, జంటలుగా, ఒకరు నిజంగా అడ్డుకుంటుండగా వీటిని చేయించడానికి కావలసింది నాలుగు పరుపులు, సహనమున్న ఒక టీచరు.