మోచేతి బయటి వైపు నొప్పా? టెన్నిస్ ఎల్బో కావచ్చు

చాయ్ కప్పు ఎత్తబోతే మోచేతి బయటి వైపు చురుక్కుమంటోందా? తడి బట్టలు పిండుతున్నప్పుడు, తాళం తిప్పుతున్నప్పుడు, సలాం చెప్పి ఎవరైనా గట్టిగా చేయి కలిపినప్పుడు కూడా అదే చోట నొప్పి వస్తోందా? అయితే అది టెన్నిస్ ఎల్బో కావచ్చు. పేరు చూసి "మేం టెన్నిస్ ఎక్కడ ఆడాం?" అనుకోకండి. 1880ల్లో ఇంగ్లండ్‌లో లాన్ టెన్నిస్ ఆడేవాళ్లలో గమనించి ఆ పేరు పెట్టారు, అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఈ నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాకెట్ ముట్టుకోని వాళ్లే. టైలర్లు, మెకానిక్‌లు, పెయింటర్లు, వంట మాస్టర్లు, రోజూ ఇంటెడు బట్టలు ఉతికే ఆడవాళ్లు. రంజాన్ నెలలో హలీం డేగ్ ముందు నిలబడి గంటల తరబడి ఘోట్నాతో దంచే చేతుల మీద పడే భారం ఇలాంటిదే.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ పేరు 2004లో బాగా తెలిసింది. సచిన్ టెండూల్కర్ దీనివల్ల మ్యాచ్‌లకు దూరమై, 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నారు. అది చూసి ఆపరేషన్ తప్పదేమో అని భయపడక్కర్లేదు. చాలామందికి అది లేకుండానే తగ్గుతుంది.

అసలు ఏం జరుగుతుంది?

మన ఇళ్లలో దీన్ని "నరం పట్టేసింది" అంటారు. నిజానికి ఇది నరం కాదు, ఎముకా కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి టెండాన్ ఉంటుంది. మణికట్టును పైకి ఎత్తే కండరాల్లో చాలావరకు మోచేతి బయటి వైపున్న ఎముక బొడిపెకు ఈ తాడుతోనే అతుక్కుని ఉంటాయి. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు కిందికి వాలిపోకుండా ఆపేది కూడా ఇవే. అందుకే ఏ వస్తువు పట్టుకున్నా భారం అక్కడికే పోతుంది. అదే పని వేలసార్లు చేసేసరికి టెండాన్ పోగులు అరిగి, సన్నగా చిట్లుతాయి. అక్కడికి రక్తం అందేది తక్కువ కాబట్టి మానడం కూడా నిదానమే. 35 నుంచి 55 ఏళ్ల మధ్య వాళ్లలో ఇది ఎక్కువ.

ఇంట్లోనే ఇలా చూసుకోండి

చేయి తిన్నగా చాపి, అరచేయి కిందికి పెట్టి, పిడికిలి బిగించి మణికట్టును పైకి ఎత్తండి. ఇంకొకరు దాన్ని కిందికి నొక్కుతుంటే మీరు ఆపండి. అప్పుడు మోచేతి బయటి బొడిపె దగ్గర నొప్పి పుడితే అనుమానం బలపడినట్టే. మోచేయి వంచకుండా, అరచేయి కిందికి పెట్టి కుర్చీని వెనకభాగం పట్టుకుని ఎత్తి చూసినా తెలుస్తుంది. ఎక్స్‌రేలో సాధారణంగా ఏమీ కనిపించదు. కాబట్టి రిపోర్ట్ నార్మల్ అని చెప్పగానే "నీకేం లేదు, నాటకం" అని ఇంట్లోవాళ్లు అనకూడదు.

మెడ నుంచి చేతి వేళ్ల దాకా తిమ్మిరి ఉంటే సమస్య మెడలో ఉండవచ్చు. మోచేయి వాచి, ఎర్రబడి జ్వరం వచ్చినా, కింద పడిన తర్వాత నొప్పి మొదలైనా, చేయి చాపలేకపోయినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. చేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే మోచేయి గురించి ఆలోచించకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

తగ్గేది ఎలా?

మొదట చేయాల్సింది పని పద్ధతి మార్చడం. చేతిని పూర్తిగా కట్టి పడేస్తే కండ బలహీనమై ఇంకా ఇబ్బంది అవుతుంది. బరువులు ఎత్తేటప్పుడు అరచేయి పైకి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉండాలి. సన్నటి పిడి ఉన్న గరిటె, స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుంది. బట్టలు మెలితిప్పి పిండొద్దు, నీరు కారనిచ్చి ఆరేయండి. నొప్పి ఎక్కువైన రోజున గుడ్డలో చుట్టిన ఐస్ 10-15 నిమిషాలు పెట్టుకోవచ్చు. పై పూత జెల్ కొంత ఉపశమనమిస్తుంది. నొప్పి మాత్రలను సొంతంగా రోజుల తరబడి మింగకండి. అల్సర్, కిడ్నీ సమస్య, బీపీ ఉన్నవాళ్లు, రోజా ఉంటున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అసలే వద్దు. నూనె పెట్టి బొడిపె మీదే బలంగా రుద్దించుకుంటే నొప్పి రేగుతుంది.

అసలు మందు వ్యాయామం. బల్ల మీద ముంజేయి ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టును అంచు బయటికి వేలాడదీయండి. అర లీటర్ నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, వదిలేసి, ఐదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించండి. ఇలా 10 నుంచి 15 సార్లు, కాస్త ఆగుతూ మూడు విడతలు, రోజుకు ఒకసారి. కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే మాత్రం సీసాలో నీళ్లు తగ్గించండి. వారంలో ఫలితం రాలేదని మానేస్తారు చాలామంది, అక్కడే దెబ్బతింటారు. కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఒకసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర చేసి చూపించుకుంటే మంచిది.

మెడికల్ షాపులో దొరికే ఎల్బో స్ట్రాప్‌ను నొప్పి ఉన్న బొడిపె మీద కాకుండా, రెండు మూడు వేళ్ల దూరం కిందికి, ముంజేతి కండ మీద కట్టాలి. పని చేసేటప్పుడు చాలు.

ఇంజెక్షన్ తీసుకోవాలా?

రోజు కూలీ పోతుందని స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడిగేవాళ్లు ఎక్కువ. వాళ్ల కష్టం అర్థమవుతుంది. నొప్పి కొన్ని రోజుల్లోనే తగ్గుతుంది కూడా. కానీ ఆస్ట్రేలియాలో 165 మందిపై చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. స్టెరాయిడ్ తీసుకున్న వాళ్లలో నూటికి 54 మందికి ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న వాళ్లలో అది నూటికి 12 మందికే. పదే పదే వేయించుకుంటే టెండాన్ ఇంకా బలహీనపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, కాబట్టి ఆ విషయం ముందే చెప్పండి. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీకి ఖర్చు ఎక్కువ. అధ్యయనాల్లో అందరికీ ఒకేలా పనిచేసినట్టు తేలలేదు.

ఏమీ చేయకపోయినా ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నరలో ఇది దానంతటదే సర్దుకుంటుంది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా సరిగా వ్యాయామం చేసినా తగ్గని కొద్దిమందికే ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలిసి, ఆపరేషన్ తర్వాత ఎన్ని వారాలు పనికి వెళ్లలేరో కూడా ముందే అడిగి తెలుసుకోండి.