తెరమీది మోహిని

నేటి నా ప్రసంగమునకు విషయము రక్తపిశాచి; అందును స్త్రీరూపము దాల్చి, అందముతో మనుష్యుని వలలో వేసికొని, వాని నెత్తురు త్రాగునట్టి పిశాచి. ఇట్టి సినిమాకథలు పెద్దల యెదుట ముచ్చటింపదగునా యని కొందరు శంకింపవచ్చును. దగునని నా మనవి. దయ్యముల కథలలో వానిని కల్పించిన మనుష్యుల భయములు దాగియుండును. ఏ సంఘమువారు ఎట్టి స్త్రీని జూచి భయపడిరో తెలిసికొన్నచో, వారు ఆమెకు చేసిన న్యాయమెట్టిదో కూడ కొంత తెలియగలదు.

మొదట పేరును గూర్చి యొక మాట. ఇంగ్లీషువారు రక్తపిశాచిని వాంపైరు అందురు. 1870 లో రిచర్డ్ బర్టన్ అను ఆంగ్లేయుడు మన విక్రమార్క భేతాళ కథలను తన భాషలో వెలువరించుచు భేతాళునికి ఆ పేరే పెట్టెను. మన భేతాళుడు శవము నావేశించి చెట్టున వ్రేలాడునే కాని విక్రమార్కుని నెత్తురు త్రాగలేదు. కథలు చెప్పి, చిక్కుప్రశ్నలు వేసి, తుదకు రాజునకు మేలే చేసెను. కావున పేరొక్కటైనను వారి పిశాచి వేరు, మన పిశాచి వేరు.

వారి పిశాచికి పుట్టినిల్లు ఐరోపాలోని తూర్పుదేశపు పల్లెలు. పదునెనిమిదవ శతాబ్దిలో సెర్బియా గ్రామములందు వరుసగా మరణములు కలిగినపుడు, ముందు చనిపోయినవారే లేచివచ్చి బ్రతికియున్నవారి ప్రాణము పీల్చుచున్నారని జనులు తలచిరి. సమాధులు త్రవ్విరి. శవము ఉబ్బియుండుటయు, నోట నెత్తురువంటి ద్రవముండుటయు జూచి, గుండెలో మేకు దిగగొట్టి కాల్చివేసిరి. శవము క్రుళ్ళునపుడు ఇవి సహజముగా గలుగు మార్పులని నేటి వైద్యులెరుగుదురు. 1732 లో ఆస్ట్రియా సేనలోని వైద్యులు ఇట్టి సమాధులను పరీక్షించి వ్రాసిన నివేదిక ఐరోపా యంతటను ప్రచారమయ్యెను. 1755 లో ఆస్ట్రియా నేలిన మరియా థెరీసా రాణి, తన యాస్థానవైద్యుడగు వాన్ స్వీటెన్ సలహా గైకొని, సమాధులు త్రవ్వి శవములను శిక్షించు నాచారమును నిషేధించెను.

ఆ పల్లెల పిశాచికి అందము లేదు. అది ఉబ్బిన శవము. దానికి అందమును, శృంగారమును తొడిగినవారు తరువాతి రచయితలు. 1872 లో ఐర్లండు రచయిత లెఫాను ‘కార్మిల్లా’ యను కథ వెలువరించెను. అందలి పిశాచి యొక యువతి. అతిథిగా ఇంట జేరి, ఆ యింటి కన్యతో చెలిమి చేసి, ఆ చెలిమి మాటుననే ఆమె ప్రాణము హరింపజూచును. 1897 లో బ్రామ్ స్టోకరు వ్రాసిన ‘డ్రాక్యులా’ నవల వెలువడెను. తరువాత సినిమాలకు ఈ రెండును మూలధన మయ్యెను.

1931 లో అమెరికాలోని యూనివర్సల్ సంస్థ డ్రాక్యులాను టాకీగా దీసెను. అందు కోటలో ముగ్గురు స్త్రీపిశాచులు మెల్లగా నడచివత్తురు. ఒక్క మాటయు పలుకరు. 1936 లో అదే సంస్థ ‘డ్రాక్యులా కుమార్తె’ యను చిత్రమును దీయగా, గ్లోరియా హోల్డెన్ అను నటి ఆ కుమార్తె పాత్ర ధరించెను. ఈమెకు మాట యున్నది. తండ్రి శవమును తానే దహించి, నెత్తుటి దాహమునుండి విముక్తి గోరును. మనోవైద్యుని సాయ మడుగును. విముక్తి దొరకదు. తుదకు తన సేవకుని బాణమునకే కూలును. 1970 లో ఇంగ్లండులోని హామర్ సంస్థ కార్మిల్లా కథను రంగులలో దీసి, వెనుకటి చిత్రములు దాచిన శృంగారమును బాహాటముగా జూపెను. శిక్ష మాత్రము పాతదే: గుండెలో మేకు, తల నరకుట. ఆమె పిశాచి యెట్లయ్యెను, ఆమె మొర యేమి యని యడుగు ఓపిక ఆ కథలలోని పెద్దమనుష్యులకు బహు స్వల్పము.

ఇక మన దేశమునకు వత్తము. మనకు మోహిని యన్న పేరు మొదట దైవముది. గోదావరి పాయల నడుమనున్న ర్యాలి క్షేత్రమును మీలో పెక్కురు దర్శించియుందురు. అచ్చట జగన్మోహినీ కేశవస్వామి ఒకే శిలయందు ముందు కేశవుడుగను, వెనుక మోహినిగను వెలసియున్నాడు. అసురులను వంచించి దేవతలకు అమృతము పంచిన రూపమది. రుక్మాంగదచరిత్రలోని మోహినియు బ్రహ్మ సృష్టియే; ఆ రాజు ఏకాదశీవ్రతమును భంగపరుచుటకు పంపబడినది. హరికథ విని మనము ఆమెను దూషింతుమే కాని, పంపినవారిని ఒక్కమాట యనము.

ఆ జగన్మోహిని పేరుతోనే 1978 లో బి. విఠలాచార్య యొక చిత్రమును దీసెను. మాయలకును, దయ్యములకును, జానపద వీరులకును ఆయన చిత్రములు పెట్టినది పేరు. జయమాలిని మోహినీపిశాచిగను, నరసింహరాజు నాయకుడుగను, ప్రభ అతని యిల్లాలుగను నటించిరి. పూర్వజన్మమున తన్ను వంచించినవాడు మరల పుట్టగా, ఆ వంచిత దయ్యమై వాని వెంటబడును. ఇల్లాలు తన దైవభక్తితో భర్తను కాపాడుకొనును. పాశ్చాత్యుల చిత్రములతో పోల్చినచో ఇందు రెండు విశేషములు గలవు. ఇచ్చటి పిశాచికి పూర్వకథ యున్నది. ఆమెకు అన్యాయము జరిగెనని ప్రేక్షకు డెరుగును. ఆమె కెదురుగా నిలుచునది మేకు పట్టిన పురుషుడు కాదు, మరియొక స్త్రీ. అయినను లోపమొకటి మిగిలినది. వంచించినవాడు అమాయకుడై మరల జన్మించెను. వాని వెనుకటి నేరము ఇద్దరు స్త్రీల పోరులో మరుగున పడెను.

ర్యాలి మోహినిని, తెరమీది మోహినిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. అందము దేవతల పనికి వచ్చినపుడు పూజ. ఆ యందము గలది తనకై తాను కోరినపుడు భయము. ఈ భయము నుండి బయటపడు త్రోవ మన భారతమునందే యున్నది. హిడింబ నరమాంసము దిను రాక్షసి. లక్కయింటినుండి వెడలి అడవిలో నిద్రించుచున్న పాండవులను చంపి తెమ్మని అన్న పంపగా వచ్చి, భీముని జూచి మోహించి, మనోహరమగు మానవరూపము దాల్చెను. సినిమావారికి ఇంతకంటె ఏమి కావలెను? అయితే ఆమె తన కోరిక కుంతితో చెప్పుకొనెను. కుంతి విన్నది. ధర్మరాజు షరతులు విధించి సమ్మతించెను. ఆమె ఘటోత్కచునికి తల్లియయ్యెను. ఆ కుమారుడు పాండవుల కొరకే ప్రాణము లిచ్చెను. శూర్పణఖయు రాక్షసియే, ఆమెకును మోహమే కలిగెను. అచ్చట ఆమెకు దొరికినది పరిహాసము. సీతపై బడగా ముక్కుచెవులు పోయెను. దాని వెంట ఎంత యుద్ధము వచ్చెనో మీ రెరుగుదురు. హిడింబకు లభించి శూర్పణఖకు లభింపనిది, ఆమె మాట వినుటకు కూర్చున్న యొక పెద్దదిక్కు.

మన కొల్లేటి సీమలో నొక యైతిహ్యము గలదు. కొల్లేటికోటలోని ఒడ్డె సేనాపతిని లొంగదీయుటకు శత్రువులు సరస్సు నీటిని సముద్రమునకు విడువదలచి ఉప్పుటేటివైపు కాలువ త్రవ్విరట. అంతట సేనాపతి జయము గోరి తన కుమార్తెను బలి యిచ్చెనట. అందువలన ఆ కాలువకు పేరంటాల కనుమ అను పేరు వచ్చెనందురు. అన్యాయముగా చనిపోయిన ఆడుది మన పల్లెలలో పేరంటాలైనను కావలెను, దయ్యమైనను కావలెను. గుడి కట్టుదుము, లేదా వేపమండలు పట్టుదుము. ప్రాణము తీసినవాని సంగతి మాత్రము రెండింటను అడుగము.

ఇది సినిమాతో తీరిపోవు ముచ్చట కాదు. దయ్యము పట్టినదని కోడలిని కొట్టించుటయు, చేతబడి చేసినదని ముసలిదానిని హింసించుటయు తెలుగునాట నేటికిని పత్రికల కెక్కుచున్నవి. ఫలానా ఆమె మగవారిని వలలో వేయుచున్నదన్న తగవు ఊరి పెద్దలయొద్దకు వచ్చినపుడు, వల పన్నినదని చెప్పబడిన ఆడుదానిని మాత్రమే నిలువబెట్టి అడుగుట చూచుచున్నాము. వలలో పడితినని చెప్పుకొనువానిని కూడ నిలువబెట్టి అడుగవలెను. ఆమె చెప్పునది కడవరకు వినవలెను. రోగమైనచో మంత్రగానికి ముందు వైద్యునికి చూపింపవలెను. మరియా థెరీసా వైద్యుని మాట విన్నది. కుంతి రాక్షసి మాట విన్నది. మన రచ్చబండయొద్ద ఈ రెండును జరుగుట కడ్డమేమున్నది?