రెండు ఖోజ్‌లు, ఒక నాగుల్‌చింత గల్లీ

సెప్టెంబరు 27న గూగుల్ పుట్టినరోజు, ఏదైనా రాసి పంపమన్నారు ఎడిటరుగారు. తీరా చూస్తే కంపెనీ కాగితాల మీదున్న తేదీ 1998 సెప్టెంబరు 4. పండగ మాత్రం 27న. ఈ తేడా సంగతి అడిగితే, "అదంతా మనకెందుకండీ, గురువారానికల్లా వ్యాసం చేతికి రావాలి" అన్నారు.

పాతబస్తీలో పెరిగినవాడికి తేదీల తకరారు కొత్తేం కాదు. మా నాయనమ్మ ఏనాడూ పుట్టిన తేదీ చెప్పలేదు. "తుగ్యానీ అయిన రెండేండ్లకు పుట్టిన" అనేది, అంతే. తుగ్యానీ అంటే మూసీ వరద, 1908 సెప్టెంబరు 28. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారంటారు. గూగుల్ పండగకు తెల్లారే మా వరద దినం. ఒకటి ఊరందరికీ ఫోన్ తెర మీద కనబడుతుంది. రెండోది వెతికితే తప్ప కనబడదు.

వెతకడం గురించే కదా వ్యాసం. మా నాగుల్‌చింతలో ఒకరి ఇల్లు వెతకాలంటే ఏం చేసేవాళ్లమో ముందు చెప్పాలి. గేటు మీద ఇరవై రెండుతోనో ఇరవై మూడుతోనో మొదలయ్యే నంబరు ఒకటి ఉండేది. దాన్ని పోస్టుమ్యాన్ తప్ప ఎవరూ చదవగా నేను చూడలేదు. మలుపులో పాన్‌డబ్బా చాచాను అడగడమే.

"సీదా పో. పీర్ల చావిడి కాడ కుడిదిక్కు మర్లు. బోరింగు దాటినంక పచ్చ దర్వాజ. గాడ ఎవర్నడిగినా చెప్తరు."

మా బస్తీలో దారి ఎవరు చెప్పినా ఆఖరి మాట అదే, 'గాడ ఎవర్నడిగినా చెప్తరు'. చాచా మనల్ని ఇంటికి చేర్చడు, చెప్పగలిగిన ఇంకొకడి దగ్గరికి చేరుస్తాడు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, కాలిఫోర్నియా దాకా పోయొస్తుంది.

ఇక చరిత్ర. 1591లో చార్మినారు లేచింది, నాలుగు దిక్కులకు నాలుగు తోవలు పడ్డాయి. కుతుబ్‌షాహీలు పోయారు, మొగలులు వచ్చారు, ఆసఫ్‌జాహీలు కుదురుకున్నారు. పత్తర్‌గట్టి కట్టారు, మదీనా బిల్డింగు కట్టారు. రాజ్యాలు మారినా తెలిసినవాడు మలుపులోనే కూర్చున్నాడు, తెలియనివాడు వచ్చి అడిగాడు. 1891లో ఆసఫియా గ్రంథాలయం వచ్చాక అడగడానికి కాగితం సాయం దొరికింది. తరవాత అది మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటికీ కళ్లు చెదిరే ఆ భవనంలోకి మారింది. నా కాలేజీ రోజుల్లో అక్కడి కార్డుల సొరుగులే నాకు తొలి సెర్చింజను. విశ్వనాథ సత్యనారాయణను 'వి' సొరుగులో వెతకాలా, 'స' సొరుగులోనా? ఇంటిపేరు ముందుండే మన పద్ధతికి ఆ సొరుగులు ఎప్పుడూ పూర్తిగా లొంగలేదు. చివరికి అటెండరు చూపుడువేలే పని జరిపించేది. 

1994లో అమెరికాలో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టిన యాహూ అచ్చం ఆ సొరుగుల పద్ధతే, మనుషులు కూర్చుని సైట్లను అరల్లో సర్దేవారు. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా సర్దడం మానేసి, దొరికిన పేజీలన్నిట్లో మాటమాటనూ యంత్రం చేత ఏరించింది. అడిగితే వేల పేజీలు కుమ్మరించేది. అందులో పనికొచ్చేదేదో మనమే చూసుకోవాలి. లైకోస్, ఎక్సైట్, ఇన్ఫోసీక్ అంటూ ఆ రోజుల్లో దుకాణాలకు లెక్కలేదు. గూగుల్ కట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు చేసిందల్లా పాన్‌డబ్బా చాచాను నమ్మడం. ఒక పేజీ మంచిదా కాదా అన్నది ఆ పేజీ చెప్పుకోకూడదు, దానివైపు వేలు చూపించే మిగతా పేజీలు చెప్పాలి. ఆ చూపించేవాళ్లకెంత పరపతి ఉందో అదీ లెక్కేయాలి. గాడ ఎవర్నడిగినా చెప్తరు! ఈ సరుకును పది లక్షల డాలర్ల లోపు ధరకు ఇస్తామంటే 1999లో ఎక్సైట్ వాళ్లు వద్దన్నారు. ఎక్సైట్ గుర్తున్నవాళ్లు ఇవాళ నా వయసువాళ్లే.

మన దగ్గర 1995 ఆగస్టు 15న విఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్టును జనానికిచ్చింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మాదాపూర్‌కూ మాకూ మధ్య అప్పుడు రెండు బస్సుల దూరం. మా దాకా వచ్చింది నెట్‌సెంటరు. శాలిబండ దిగుతుంటే ఎడమపక్క, కింద కిరాణా, పైన ఆరు కంప్యూటర్లు. గంటకు ముప్పై రూపాయలు. ఆరింటికీ ఒకటే మోడెం. అది టెలిఫోను తీగలో కీచుమంటూ, గరగరలాడుతూ కలిసేది. కలిసిందంటే ఓనరు "ఆగయా!" అని కేకేసేవాడు.

ఆ ఓనరు దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఆరు కంప్యూటర్లలోనూ ముందుగా తెరుచుకునే పేజీ ఆయన పెట్టిందే. మొదట్లో యాహూ. వచ్చినవాళ్లంతా యాహూలోనే వెతికారు. ఒకరోజు వెళ్తే ఆరింట్లోనూ తెల్లటి ఖాళీ పేజీ, మధ్యలో రంగుల అక్షరాలు. "యాహూ బొమ్మలు దిగేసరికి పావుగంటయితాంది అన్నా, గిరాకీ లొల్లి వెడుతుండ్రు. ఇది ఖాళీగున్నది, జల్దిన దిగుతది" అన్నాడు. ఆ రోజు నుంచి శాలిబండ మెట్లెక్కినవాళ్లంతా గూగుల్ మనుషులైపోయారు. ఎవరూ మార్చమని అడగలేదు, మార్చినందుకు గొడవా పడలేదు.

ఆ రోజుల్లోనే దేశం నోట ఒక ఉర్దూ మాట తెగ నలిగింది, ఖోజ్. మా ఇళ్లల్లో చెవిపోగు జారిపోతే వినబడే మాట. రాజేశ్ జైన్ అనే ఆయన అమెరికా నుంచి తిరిగొచ్చి 1995లో ముంబైలో ఇండియావరల్డ్ మొదలుపెట్టాడు. వార్తలకు సమాచార్, క్రికెట్‌కు ఖేల్, వంటకు బావర్చీ, వెతకడానికి ఖోజ్. (బావర్చీ అనగానే మా ఊళ్లో ఎవరికైనా ఆర్టీసీ క్రాస్‌రోడ్సే గుర్తొస్తుంది. ఆ బిర్యానీకీ ఈ సైటుకూ చుట్టరికం లేదు.) విదేశాల్లో ఉన్న మనవాళ్లు పొద్దున లేచి ఊరి కబురు చూసుకునే కిటికీ అది.

1999 అక్టోబరులో సత్యం ఇన్ఫోవే నాస్‌డాక్‌లో నమోదైంది, ఆ బజారెక్కిన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీగా. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు బిడ్డ అది, కాపురం మద్రాసులో. నెల దాటిందో లేదో, నవంబరు ఆఖర్లో ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. బాటా చెప్పుల ధరలా ఆ 499 ఏమిటని నెట్‌సెంటర్లో పెద్ద చర్చ. అయిదు వందలంటే అదిరిపోతారనుకున్నారేమో అన్నాడొకడు. ఓనరు కౌంటరు మీద పేపరు పరిచి సున్నాలు లెక్కబెట్టడం నాకిప్పటికీ కళ్లముందుంది. లెక్క ముగించి, "నా దాంట్ల గంటకు ముప్పై రూపాయలొస్తయి. గీ ఖోజ్‌ల ఎంతొస్తది?" అన్నాడు. ఆ ప్రశ్న అప్పట్లో దలాల్ స్ట్రీట్‌లో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. 2000 మార్చిలో నాస్‌డాక్ శిఖరమెక్కి జారడం మొదలుపెట్టాక అందరూ అడిగారు.

ఖోజ్ ఎందుకు నిలవలేదో చెప్పడం తేలికే, మన సైట్లే అప్పుడు గుప్పెడు. గుప్పెడు సైట్లున్న ఊళ్లో దారి చెప్పేవాడికి ఏం పని? పైగా అది సర్దిపెట్టే రకం, అటు గూగుల్ అడిగి తెలుసుకునే రకం. 2005లో సత్యం తన వాటాను రాజు వేగేశ్నకు అమ్మేసి, అప్పటికి సిఫీగా పేరు మారిన సత్యం ఇన్ఫోవే నుంచి బయటికొచ్చింది. 2009 జనవరి 7న కంపెనీ లెక్కలు బూటకమని ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం తరవాత ఆ 499 కోట్ల కథ ఎవరికీ గుర్తుకు రాలేదు, అంతకంటే పెద్ద అంకెలు దొరికాయి మరి.

రెండో ఖోజ్ కథను ఒక చేదు సాయంత్రంతో మొదలుపెట్టాలి. మా బస్తీ మీద ఓ దినపత్రికలో వచ్చిన వార్తను వెతుకుతూ అదే నెట్‌సెంటర్లో రెండు గంటలు, అంటే అరవై రూపాయలు, తగలేశాను. పేజీ దొరికింది. దాన్నిండా డబ్బాలు, డాలరు గుర్తులు, ఇంగ్లిషు పొల్లులు. అప్పట్లో ఒక్కో పత్రికది ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లిషు అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు ముక్క బొమ్మ పెట్టేవారు. ఒకరి దగ్గర 'క' ఉన్న గదిలో మరొకరి దగ్గర తలకట్టు. ఫాంటు దించుకుంటే కంటికి తెలుగు, సెర్చింజనుకు మాత్రం అంతా గజిబిజి. అన్ని లిపులకూ ఉమ్మడి అయిన యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు 128 గదులు కేటాయించి ఉన్నాయి, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. గదులు కట్టి ఉన్నాయి, కాపురానికి వచ్చినవాళ్లే లేరు. అంతకుముందు రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మనవాళ్లు కూర్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ప్రవాసులు తెలుగును ఇంగ్లిషు లిపిలోనే రాసుకునేవారు.

ఈ ఫాంట్ల గోడకు కన్నం వేసింది గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ. ప్రసాద్ పింగళి, జగదీశ్ జాగర్లమూడి, వాసుదేవ వర్మ కలిసి ఒక సెర్చింజను కట్టారు. పేరు వెబ్‌ఖోజ్. 2006లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ వెబ్ సదస్సుకు సమర్పించిన పత్రంలో వాళ్లు చెప్పిన లెక్క: వెబ్‌లో ఉన్న భారతీయ భాషల సరుకులో 95 శాతానికి పైగా సెర్చింజన్లకు చిక్కడం లేదు. మన తెలుగు లోకమంతా గుడ్డి గల్లీలో ఉందన్నమాట. వెబ్‌ఖోజ్ చేసిన పని అచ్చంగా దుబాసీ పని. భారతీయ భాషల పేజీలను ఏరి తెచ్చి, అది ఏ ఫాంటు గూడుపుఠాణీయో కనిపెట్టి, ఆ గదుల్లోని ముక్కలను తీసి యూనికోడ్ గదుల్లో పెట్టి, అప్పుడు వెతకనివ్వడం. ఇదే కాలంలో నాగార్జున వెన్న తయారుచేసిన 'పద్మ' ఫైర్‌ఫాక్స్‌లో ఇలాంటి ఉపకారమే చదువరికి చేసింది. నాకు మాత్రం వెబ్‌ఖోజ్ మీదే మమకారం. మొదటి ఖోజ్‌కు 499 కోట్లు, రెండో ఖోజ్‌కు ఒక సదస్సు పత్రం. ఏది నిజంగా వెతికిందో మీరే చెప్పండి.

కానీ పత్రికలు ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మారాయి. గోడే కూలిపోయాక కన్నంతో పనేముంది? మైక్రోసాఫ్ట్ 1998 నుంచీ హైదరాబాద్‌లో ఉంది, గూగుల్ 2004లో వచ్చింది. 2022లో గచ్చిబౌలిలో 33 లక్షల చదరపు అడుగుల భవనానికి పునాది వేసుకుంది. రెండో ఖోజ్ పుట్టిన పేటలోనే.

అక్కడి నుంచి కథ నా చేతిలో నిలవడం లేదు. 2008లో యాహూను 4,460 కోట్ల డాలర్లకు కొంటానని మైక్రోసాఫ్ట్ అడగడం, యాహూ కాదనడం, 2009లో బింగ్ రావడం. 2007 నుంచి అప్పట్లో మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజనీరింగుకు పెద్ద, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. 2018లో మన కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు 136 కోట్ల జరిమానా వేసింది. ఫిర్యాదీల్లో ఒకరు ఆన్‌లైన్ పెళ్లిళ్ల పేరయ్య, భారత్ మ్యాట్రిమొనీ వాళ్లు. ఖోజ్ ధరలో మూడో వంతు కూడా కాని జరిమానా.

2023 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, గూగుల్ గుత్తాధిపత్యం మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో, వాషింగ్టన్ కోర్టులో నాదెళ్ల సాక్ష్యం చెప్పారు. వాడేవాళ్లు ఇష్టపడి ఎంచుకుంటారన్న మాట ఒట్టిదనీ, ఫోన్ తెరవగానే ఏది ఎదురొస్తే దానికే అలవాటు పడతారనీ ఆయన వాదన. నెలాఖర్లో గూగుల్ అధిపతి, మద్రాసు కుర్రాడు సుందర్ పిచాయ్ బోనెక్కారు. వింటున్న జడ్జి అమిత్ మెహతా, గుజరాత్‌లోని పాటన్‌లో పుట్టినవాడు. ఇలా మొదటగా తెరుచుకునే చోటు కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు కట్టిందని అక్కడే బయటపడింది. పేపర్లో ఆ అంకె చదివి నాకు ముందుగా శాలిబండ ఓనరు గుర్తొచ్చాడు. ఆయన ఆ చోటును ఉత్తపుణ్యానికి ఇచ్చేశాడు.

2024 ఆగస్టు 5న గూగుల్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమేనని తీర్పొచ్చింది. మరుసటేడు సెప్టెంబరులో శిక్ష ఖరారైంది: క్రోమ్ అమ్మక్కర్లేదు, తాము తప్ప మరొకరు ఉండకూడదన్న ఒప్పందాలు మాత్రం కుదరవు. ఈలోగా చాట్‌జీపీటీ వచ్చి, వేలు చూపించడం మానేసి జవాబే చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి దాకా తీసుకెళ్తానంటోంది, గాడ ఎవర్నీ అడగొద్దంటోంది.

శాలిబండ నెట్‌సెంటరు మూతపడి చాలా ఏళ్లయింది. ఓనరు ఇప్పుడు ఛత్తాబజార్‌లో తమ్ముడితో కలిసి పెళ్లికార్డులు అచ్చువేస్తున్నాడు. మొన్న మా అన్నకూతురి కార్డు కోసం పోతే, మూలన చిన్న నల్లగళ్ల చదరం పెడతానన్నాడు. ఫోన్ చూపిస్తే ఫంక్షన్‌హాల్ దారి వస్తుందట, అదనపు ఛార్జి లేదట. "అయితే కింద 'నాగుల్‌చింత చౌరస్తా, పీర్ల చావిడి వెనక' అన్న లైను తీసెయ్, కార్డు నీటుగా ఉంటుంది" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, ప్రూఫులో ఆ లైను కింద పెన్సిలుతో గీత గీసి, అక్షరాలు ఒక సైజు పెంచమని లోపలికి కేకేశాడు.