వేన్నీళ్ళకు చన్నీళ్ళు

రండి, ఆ తలుపు పక్కన నిలబడండి. మల్కాజిగిరిలో ఒక పాత అపార్టుమెంటు, పై అంతస్తు. బాత్రూంలో ముగ్గురు పట్టరు. డిసెంబరు ఆదివారం. ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి, అడుగున తుప్పుపట్టి కారుతున్న పాత గీజర్‌ని దించుతున్నాడు. వంచగానే లోపల గలగలమంది. బోరు నీళ్ళు ఇన్నాళ్ళూ వదిలిన సున్నం పెచ్చులు అవి. దీని చోట ఏది పెట్టాలన్నదే ఇప్పుడు పంచాయితీ.

"ట్యాంకు లేనిదే పెట్టించు, కరెంటు కలిసొస్తుంది" అంటున్నారు అత్తయ్య హాల్లోంచి. ఈ మాట న్యూజెర్సీ నుంచి వచ్చింది. అక్కడ మా ఆడపడుచు ఇంట్లో గోడకు ఒక పెట్టె ఉంటుంది, షవర్ కింద ఎంతసేపు నిలబడినా వేడి తగ్గదు. నిజమే. కానీ అది గ్యాస్ మీద నడిచేది, దాని శక్తి నలభై, యాభై కిలోవాట్లతో సమానం. మన షాపుల్లో ఇన్‌స్టంట్ గీజర్ పేరుతో ఎక్కువగా అమ్మేది మూడు కిలోవాట్లది. అందులోనూ లీటరో, మూడు లీటర్లో పట్టే చిన్న ట్యాంకు ఉంటుంది.

ఎందుకీ వాదన, కొలిచే చూద్దాం. ఇరవై లీటర్ల బకెట్ పెట్టి నల్లా పూర్తిగా తిప్పాను. ఓవర్‌హెడ్ ట్యాంకు మా నెత్తిమీదే ఉంది కాబట్టి ధార సన్నం. బకెట్ నిండేసరికి ఫోన్లో ఐదు నిమిషాలయింది. అంటే నిమిషానికి నాలుగు లీటర్లు. చెయ్యి పెట్టండి, జివ్వుమంటుంది. థర్మామీటర్ ముంచితే 18 డిగ్రీలు.

మూడు కిలోవాట్ల కాయిల్ నిమిషానికి లీటరు చొప్పున పారే నీళ్ళను 43 డిగ్రీలు వేడెక్కించగలదు. నాలుగు లీటర్లు పారితే పెరిగేది పదకొండు డిగ్రీల లోపే. వచ్చేవి 29 డిగ్రీల నీళ్ళు. చలికాలం పొద్దున్నే అవి ఒంటిమీద పోసుకుంటే తిట్లు పడేది నాకే. 39కి తేవాలంటే నల్లా సగం కట్టేయాలి. అప్పుడు బకెట్ నిండటానికి పది నిమిషాలు. పిల్లకు ఏడుంపావుకు స్కూలు బస్సు!

"కరెంటన్నా మిగులుతుంది కదే?" అత్తయ్య వదలరు.

"పెద్దగా మిగలదు అత్తయ్యా" అన్నాను. ఒక బకెట్‌ను 18 నుంచి 39కి తేవడానికి సుమారు అర యూనిట్ పడుతుంది. ట్యాంకులో కాచినా, పారుతుండగా కాచినా ఆ అర యూనిట్ తప్పదు. ట్యాంకు గీజర్‌లో దండగ అయ్యేది కాచి వాడకుండా ఉంచిన నీళ్ళ వేడి. రాత్రంతా స్విచ్ వేసి పడుకునే ఇళ్ళలో అది బిల్లులో కనిపిస్తుంది. లేవగానే వేసి, స్నానాలు కాగానే కట్టేసే మా ఇంట్లో మిగిల్చుకోవడానికి ఏముంది?

ఈలోగా ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు విప్పాడు. "అక్కా, ఇటు చూడు." సాకెట్ వెనక ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడింది, వైరు తొడుగు వేలితో నొక్కితే పెళుసుగా విరుగుతోంది. వాషింగ్ మెషీన్ కూడా ఈ లైను మీదే. "మూడు కిలోవాట్లంటే పదమూడు ఆంపులు గుంజుతది. రెండూ ఒక్కసారి నడిస్తే ఈ వైరు ఆగదు. డీబీ నుంచి నాలుగు ఎంఎం వైరు వేరేగా లాగాలె, దానికో ఎంసీబీ పెట్టాలె." గోడ కొట్టే ఖర్చు గీజర్ ధరలో ఎవరూ కలపరు.

"పోనీ గ్యాస్ గీజర్?" మా ఆయన అప్పుడే పేపరు పక్కన పెట్టి వచ్చారు. సిలిండర్‌తో నడుస్తుంది, నిమిషానికి ఆరు లీటర్ల మోడళ్ళున్నాయి, ధర తక్కువ. జవాబుగా తలెత్తి వెంటిలేటర్ చూపించాను. దోమలు రాకుండా దానికి అట్టముక్క అడ్డం పెట్టింది ఆయనే. ఇంత ఇరుకు గదిలో తలుపు వేసుకుని మంట మండిస్తే గాలి చాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, అందుకని కావాలనే వాసన కలుపుతారు. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును ఇది ఆక్రమిస్తుంది. మగతగా అనిపించేలోపే కాళ్ళు కదలవు. న్యూజెర్సీ పెట్టెకు పొగగొట్టం గోడలోంచి బయటికి ఉంటుంది. ఆ సంగతి ఫోన్లో ఎవరూ చెప్పరు. ఆయన మళ్ళీ పేపరు తీసుకున్నారు.

చివరికి తేలింది ఇది. బాత్రూంకి పదిహేను లీటర్ల ట్యాంకు గీజర్, రెండు కిలోవాట్లది. ఇరవై రెండు నిమిషాల్లో నీళ్ళు 60 డిగ్రీలకు వస్తాయి. పది లీటర్ల వేన్నీళ్ళకు పది లీటర్ల చన్నీళ్ళు కలిపితే ఒక బకెట్ స్నానం. ఆ తోడిన పది లీటర్లు మళ్ళీ కాగడానికి పావుగంట చాలు, ఒకరు బయటికొచ్చేసరికి ఇంకొకరికి సిద్ధం. మాడిన వైరు, సాకెట్ ఎలాగూ మార్చాలి. వాషింగ్ మెషీన్ మధ్యాహ్నానికి జరుగుతుంది. ఇన్‌స్టంట్ గీజర్ పనికిరానిదేం కాదు. వంటింట్లో జిడ్డు గిన్నెలు కడగడానికి, ఒక్కరే ఉండే గదికి అది బాగానే సరిపోతుంది.

మీరూ కొనేముందు బకెట్ పెట్టి నల్లా ధార కొలవండి, స్విచ్‌బోర్డు విప్పించి చూడండి. గ్యాస్ గీజర్‌ని మాత్రం బాత్రూం లోపల పెట్టించకండి.