జైనూర్ గోండు స్త్రీలు – వ్యాయామ విద్య: ఒక చారిత్రక పరిశీలన

స్త్రీలు వ్యాయామ విద్యకు దూరంగా ఉండడానికి వారి సంకోచమే ప్రధాన కారణమన్న అభిప్రాయం విద్యారంగంలో తరచుగా వినిపిస్తుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని జైనూర్ ప్రాంత చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు.

1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం మరణించిన అనంతరం, గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూర్ సమీపంలోని మార్లవాయిలో నివసించారు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వెలువడ్డాయి. అయితే ఉపాధ్యాయులుగా శిక్షణ పొందినవారు గోండు యువకులు. బడి అనే వ్యవస్థ ఈ గూడేలలోకి పురుషుల ద్వారానే ప్రవేశించింది.

దేహశ్రమ మాత్రం స్త్రీలకు కొత్త కాదు. నీళ్లు, కట్టెలు మోయడం, పొలం పని, ఉత్సవాలలో ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి ఆడే ధింసా – ఇవన్నీ వారి జీవితంలో భాగాలు. దీపావళి వేళ సాగే దండారిలో గుస్సాడి వేషం పురుషులది. స్త్రీ వేషాలు సైతం యువకులే ధరిస్తారు. మార్లవాయికి చెందిన గుస్సాడి కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ధింసా ఆడే స్త్రీలకు అటువంటి గుర్తింపు దక్కకపోవడం గమనార్హం.

ఇక్కడ ఒక పొరపాటు వాదన ఎదురవుతుంది: ఇంత శ్రమించే బాలికలకు వేరే వ్యాయామం ఎందుకు? ఇది వినడానికి సానుభూతిగా ఉన్నా అంగీకరించదగినది కాదు. కట్టెల మోపులో ఎంపిక లేదు, విశ్రాంతి లేదు, గెలుపూ లేదు. ఆటస్థలం ఇచ్చేది సరిగ్గా వాటినే.

స్త్రీ దేహం పట్ల అనుమానం గూడేలలో పుట్టినది కాదనడానికి ఒలింపిక్స్ చరిత్రే సాక్ష్యం. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మహిళల 800 మీటర్ల పరుగు జరిగాక, అది వారి శక్తికి మించినదని తొలగించి, 1960లో రోమ్‌లో గాని పునరుద్ధరించలేదు. ఆ 32 సంవత్సరాలలోనే మార్లవాయి స్త్రీలు కొండదారులలో బరువులు మోశారు.

అవకాశం లభించినపుడు ఏమి జరిగిందో పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా చూపింది. పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి కొండపై శిలారోహణ నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు.